కందకుర్తి రేవున తెల్లబియ్యం

నేల గాదు నింగియు గాదు నెలవు నీకు
పగలు గాదు రాతిరి గాదు పట్టు వేళ
గడప మీద గూర్చున్న మా కన్నతండ్రి
లింబగిరివాస! నరసింహ! లెమ్ము కావ

మా ఇంటి ఇలవేల్పు లింబాద్రి గుట్ట మీది నరసింహస్వామి. నాకు ఆయన గుట్ట పేరే, లింబాద్రి అని పెట్టినారు. ఇంటిలోనూ కాక, బయటనూ కాక, గడప మీద కూర్చుండి తన పని నెరవేర్చిన దేవుడు ఆయన. నేను చెప్పబోయేది బతుకంతా గడప మీదనే గడిపిన ఒక ఇల్లాలి ముచ్చట. కనుక ముందుగా ఆ స్వామికి మొక్కి మొదలు పెడుతున్నాను.

గోదావరి పుష్కరాలు మళ్లీ దగ్గర పడుతున్నవి. ఎవరి ఇంట్లో ఎవరెవరికి పిండం పెట్టాలో, ఏ వరుసలో పెట్టాలో అడగటానికి ఊరివాళ్లు అప్పుడే నా వద్దకు వస్తున్నారు. బడిలో తెలుగు చెప్పి విరమణ పొందినవాడిని, నాలుగు శాస్త్రాలు తిరగవేసినవాడిని అని వారి నమ్మకం. తెలిసినంత చెబుతాను. చెబుతున్నంతసేపూ నా కండ్ల ముందర కిందటి పుష్కరాల ఎండాకాలమే కదలాడుతుంటుంది.

బోధన్ నుండి రెంజల్ పోయే తోవలో మా ఇల్లు. చెరుకు పండించిన కుటుంబం. మా బాపు హన్మండ్లు, అవ్వ దేవవ్వ. వారికి ఇద్దరం కొడుకులం. పెద్దవాడు దిగంబర్. వాయుసేనలో చేరి యుద్ధవిమానం నడిపినాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో, మార్గశిర మాసంలో ఒక ఉదయం, పడమటి సరిహద్దు మీదికి లేచిన అతని విమానం తిరిగి నేలకు దిగలేదు. దాని ముక్క దొరకలేదు. అతని దేహం దొరకలేదు. పట్టుకొన్నామని అవతలి దేశం వారూ చెప్పలేదు. కొన్ని సంవత్సరాలకు సర్కారు అతన్ని చనిపోయినవారి లెక్కలో రాసి, తన పద్ధతిలో ఆ సంగతి ముగించుకొన్నది. మా ఇంట్లో అది ముగియలేదు.

మా వదినె రుక్మాబాయి గోదావరికి అవతలి ధర్మాబాద్ పిల్ల. ఆ ఏటి వైశాఖంలోనే పెండ్లి. అన్న సెలవు మీద ఇంట్లో ఉన్నది కొద్ది వారాలు మాత్రమే. ఆ వారాలలో ఒక మధ్యాహ్నం నాకు ఇప్పటికీ తడి ఆరని చిత్రంలాగా గుర్తున్నది. వదినెకు వారి దిక్కు పద్ధతిలో ముంజేతుల నిండా ఆకుపచ్చ గాజులు. జొన్నరొట్టె చరిస్తే గలగలమంటవి. నడిమింట్లో అన్న పడుకొని ఉన్నాడు. అతని నిద్ర చెడుతుందని ఆమె గాజుల మీద బట్ట చుట్టుకొని రొట్టె చరుస్తున్నది. అది అవ్వ కంట పడింది.

"గాజులకు బట్ట సుడ్తరా పిల్లా? ముత్తైదువ చేతులు సప్పుడు చెయ్యాలె. ఆడు లేస్తే లేవనియ్యి."

"లేవనే లేసిన," అని మంచం మీదినుంచే అన్నాడు అన్న. "మీదికి పోతే ఇంజను మోత, ఇంటికొస్తే గాజుల మోత, నడుమ నీ నోటి మోత. నిద్ర నా నొసట రాసి లేదు."

వదినె నవ్వు ఆపుకోలేక పిండి చేతులతోనే మొగం కప్పుకొన్నది. అవ్వ తానే ఆమె చేతుల బట్ట విప్పింది.

అన్న పోయిన తరువాత కూడా ఆ చేతుల చప్పుడు ఆగలేదు. నొసట కుంకుమ, కాళ్లకు మట్టెలు, చేతులకు ఆకుపచ్చ గాజులు. మొదటి పుష్కరాలు వచ్చినప్పుడు బాపు మెల్లగా అన్నకు పిండం సంగతి ఎత్తినాడు. "నా కొడుకు బతికున్నడు, ఆ మాట నా ఇంట్ల తీయకు," అని అవ్వనే కొట్టివేసింది. మలి పుష్కరాలకు బాపు లేడు. ఆ తరువాతి పుష్కరాలకూ ఎవరూ మాట ఎత్తలేదు. అట్లా మూడు పుష్కరాలు దాటిపోయినవి. నాలుగోసారి మాట ఎత్తింది అవ్వ.

అది రెండువేల పదిహేను. అంతకు ముందటి ఏడే వానలు సరిగా లేవు. బోర్లు వట్టిపోయి, చెరుకు తోట సగం నిలువునా ఎండింది. అవ్వ ఎనభై దాటి ఎన్నో ఏండ్లు. కండ్లకు ఆపరేషన్ అయినా నీడలు తప్ప మనుషులు ఆనకపోయేవారు. నన్ను దగ్గుతో, మా అబ్బాయి నాగేందర్‌ను చెప్పుల చప్పుడుతో, వదినెను గాజులతో గుర్తుపట్టేది. నా భార్య అంతకు ముందే కాలం చేసింది. ఇంటిని నడిపేది వదినె.

రోహిణి కార్తెలో ఒకనాడు అవ్వ నాగేందర్‌తో పాత బియ్యం ఒక చిన్న మూట దింపించుకొన్నది. మా సొంత పొలంలో పండిన కడపటి సన్నబియ్యం. గడప పక్కన కూర్చుండి చాటలో పోసుకొని, కండ్లతో కాక వేళ్లతో రాళ్లు ఏరసాగింది. వదినె పెరట్లో పసుపు దంచుతున్నది. నందిపేట నుంచి వచ్చిన కొమ్ములు. ఆమె రోకలి పక్కన పెట్టి వచ్చింది.

"ఇటియ్యి అత్తా, నేను చెరుగుత. నీకు మెడ గుంజుతది."

"పసుపు చేతులతోని ముట్టకు. ఇవి తెల్లగనే ఉండాలె."

"ఎందుకు?"

"పుష్కరాలకు. దిగంబర్‌కు."

పితృకార్యానికి బియ్యం తెల్లగా ఉండాలి. పసుపు సోకితే అవి శుభానికి చెందిపోతవి. ముత్తైదువ ఒడికి, పెండ్లి తలంబ్రాలకు పనికి వస్తవి కాని పోయినవారికి పనికి రావు. ఇది మా దిక్కు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నేను వసారాలో పురాణం చదువుకొంటున్నాను. గాజుల చప్పుడు ఒక్కసారి నిలిచిపోయింది. కొంతసేపటికి పెరట్లో రోకలి మళ్లీ పడింది. గాజులు కూడా మోగినవి.

ఆ సాయంత్రం అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది.

"లింబాద్రీ, ఆడు కలల వస్తున్నడురా. పెండ్లినాటి మొగమే, ముసలోడు కాలేదు. పెదవులు పగిలి ఉంటయి. 'అవ్వా, దూప' అంటడు. నేను చెంబు పట్టుకొని లేస్త. మంచం దిగేవరకు ఉండడు."

"ఎండలకు నీకే దూపయితున్నదేమో అవ్వా. కలల గట్లనే కనవడ్తది."

"నాకు దూపయితే నేను తాగనా? ఇన్నేండ్లు బతికున్నడు బతికున్నడు అని ఆణ్ని ఎండవెట్టిన. బతికుంటే తల్లి కోసం రాకపోయెనా? వాని పేరు మీద నీళ్లు వదులు. నాకు పానముండంగనే వదులు."

ఆనాటి నుంచి ఆమె నీళ్లు తాగటం తగ్గించింది. మందు గోలీ మింగేందుకు ఒక గుక్క, అంతే. అడిగితే, వానికి ముట్టినాకనే తాగుత అన్నది. నాగేందర్ బోధన్ నుంచి డాక్టరును ఇంటికి పిలుచుకొని వచ్చినాడు. ఈ ఎండలలో ఈ వయసుకు ఇట్లా చేస్తే మూత్రపిండాలు నిలవవని డాక్టరు చెప్పినాడు.

"డాక్టర్ సాబ్, నీ దగ్గర సూది ఉన్నది, నా దగ్గర మొండితనం ఉన్నది," అన్నది అవ్వ. "చూద్దాం."

ఆ వారంలోనే వదినె నన్ను పెరట్లోకి పిలిచింది. పసుపు జల్లెడ పట్టి ఎండలో ఆరబోసింది. పిట్టలు రాకుండా పక్కన కూర్చున్నది.

"పంతులూ, నీ శాస్త్రంల ఏమున్నది, చెప్పు," అన్నది. నన్ను ఆటపట్టించాలనుకొన్నప్పుడు ఆమె నన్ను పంతులు అంటుంది. ఆనాడు ఆటపట్టించే గొంతు కాదు.

"జాడ తెలువకుంట పోయినోళ్ల కోసం పన్నెండేండ్లు ఎదురుసూడాలె వదినా. అటెనుక దర్భలతోని మనిషి తీరు బొమ్మ కట్టి, మోదుగాకు మీద పండవెట్టి, దానికి అగ్గివెట్టాలె. దాని మీద పిండం."

"పన్నెండు ఎప్పుడో దాటినయి."

"దాటినయి."

"ఆ బొమ్మకు అగ్గివెట్టినంక నాకేమయితది?"

నేను ఆరబోసిన పసుపు దిక్కు చూసినాను.

"చెప్పు. బడిల పిల్లలకు చెప్పినట్టు చెప్పు."

"నీకు తెలుసు వదినా."

"తెలుసు. నీ నోటెంట ఇందామని." ఆమె పసుపును అరచేత్తో సమం చేసింది. "బతుకమ్మ పండుగకు ఈ గల్లీల గౌరమ్మను చేసేది నేను. ఏ ఇంట్ల పెండ్లిపిల్లకైనా తొలి నలుగు పెట్టేది నేను. పిలువనోళ్లు గూడ ఉన్నరు. ఎనుక ఏమేమో అంటరు, నాకు ఇనవడదనుకుంటరు. నేనేమన్న ఆయన బతికున్నడని డప్పు కొట్టుకుంట తిరుగుతున్ననా? బతికున్నడని అంటలేను. సచ్చిండని గూడ అంటలేను. నాకు ఎవ్వరు ఏదీ సూపెట్టలేదు. సూపెట్టనిదాన్ని నేనెట్ల ఒప్పుకోవాలె?"

"ఒప్పుకోకు. నేను అవ్వకు చెప్పి చూస్త."

"నువ్వు చెప్తే ఆమె నీళ్లు తాగుతదా?"

ఇంతలో ఒక పిట్ట వచ్చి పసుపు మీద వాలబోయింది. వదినె చేయి విదిలించింది. గాజుల చప్పుడుకు పిట్ట ఎగిరి గోడ దాటిపోయింది. అది పోయిన దిక్కు ఆమె చాలాసేపు చూసింది.

ఆషాఢం వచ్చింది. మబ్బులు వచ్చి పోతున్నవి గాని చినుకు లేదు. పుష్కరాలకు పోయే ఆడవాళ్లు కొత్త గాజులు వేసుకొని పోవటం ఆనవాయితీ. బోధన్ నుంచి అక్తరున్నీసా గాజుల గంప ఎత్తుకొని వచ్చింది. పెండ్లినాటి నుంచి మా వదినె చేతులకు గాజులు తొడిగేది ఆమె ఒక్కతే. ముందు ఆమె తల్లి వెంట వచ్చేది, తరువాత ఒక్కతే. ఇద్దరిదీ ఒక ఈడు, ఒకరికొకరు ఆపా, అంటే అక్క. అవ్వ లోపల కునుకు తీస్తున్నది. నేను వసారాలోనే ఉన్నాను.

"రుక్మా ఆపా, చెయ్యి ఇటు దే. నీ కోసమని ఫిరోజాబాద్ మాల్ దాచిపెట్టిన. అస్లీ హరా, ఆకుపచ్చ అంటే ఇదీ. గోదారమ్మ గూడ సూసి కుళ్లుకోవాలె."

"ఈసారి వద్దు ఆపా."

"వద్దంటే? పాతవాటితోనే పోతవా? నా పేరు ఖరాబ్ చేస్తవా?"

"పాతవి పగలకుంట ఎట్ల తియ్యాల్నో చెప్పు."

అక్తరున్నీసా చేతిలోని గాజుల జోడు గంపలో పెట్టింది. వదినె ముంజేయి పట్టుకొని, గాజుల కింద చర్మాన్ని బొటనవేలితో రాసింది. అక్కడ ఎండ ఎన్నడూ తగలక తెల్లగా ఉన్నది.

"సబ్బు నీళ్లతోని వస్తయంటరు," అన్నది చివరికి. "నాకు తెల్వది. మా అమ్మీ నాకు తొడుగుడు నేర్పింది, తీసుడు నేర్పలే." కొత్త గాజులను కాగితంలో చుట్టి గడప పక్కన పెట్టింది. "ఇవి నీ కొలత. ఇంకొకరి చేతికి రావు. నేను వాపస్ కొంచపోయి ఏం చేసుకోవాలె? ఉండనీ."

గంప ఎత్తుకొన్నది. వాకిట్లో నిలబడి నా దిక్కు చూసి, "భాయ్‌సాబ్, ఇంత సదివినరు," అన్నది. గంప సర్దుకొని వెళ్లిపోయింది.

వదినె నా వద్దకు వచ్చింది. "అత్తకు చెప్పకు. ఆమె దూప ముంగట నా గాజులు ఎంత? కడుపు కోత ఆమెది. నాది కొన్ని వారాల సంసారం."

"కొన్ని వారాలదేనా వదినా?"

ఆమె ఆ కాగితం పొట్లం తీసుకొని లోపలికి పోయింది.

మేము పుష్కరాల నడిమి రోజులలో కందకుర్తికి పోయినాము. నాగేందర్ స్నేహితుని జీపు తెచ్చినాడు. అవ్వను ముందు సీటులో కూర్చోబెట్టినాము. తెల్లని బట్టలో మూట కట్టిన బియ్యం ఆమె ఒడిలో ఉన్నది, ఎవరి చేతికీ ఇవ్వలేదు. వెనుక నా ఎదురుగా వదినె. ఆమె రెండు చేతులూ కొంగు కింద ఉన్నవి. కొంగు చివర ఏదో ముడి ఉన్నది. జీపు మోతలో ఇంకే చప్పుడూ వినిపించదు. నేను ఆమె మొగం చూడలేక ఎండిన తోటల దిక్కు చూస్తూ కూర్చున్నాను.

కందకుర్తి వద్ద గోదావరిలో మంజీర, హరిద్ర కలుస్తవి. మూడు నదులు కలిసే ఆ రేవులో ఆనాడు ఇసుకనే ఎక్కువ. నడుమ సన్నని పాయ ఒకటి పారుతున్నది. జనం మాత్రం నిండు గోదావరిలాగా ఉన్నారు. అవతలి ఒడ్డునుంచి మరాఠీ మాటలు గాలికి వస్తున్నవి.

"మునుగుదమని వస్తే గోదారే మన బోరు తీరుగున్నది బాపూ," అన్నాడు నాగేందర్.

"మోకాళ్లు తడిసినా పుణ్యమే, నడువురా," అన్నది అవ్వ. "నీ తాత నన్ను ఇక్కడికి బండి మీద తెచ్చిండు. అప్పుడు ఏనుగు మునిగే నీళ్లు. ఇప్పుడు చీమకు స్నానమయితే చాలు."

ఇసుకలో ఒక కుర్చీ వేసి, గొడుగు పట్టి ఆమెను కూర్చోబెట్టినాము. మా పురోహితుడు భానుప్రసాద్ శర్మ చిన్నవాడు, చురుకైనవాడు, అయినా తొందరపెట్టేవాడు కాదు. మూడు రాళ్ల పొయ్యి మీద వదినె పెద్దలకు అన్నం వండి దించింది. నేను పాయలో మునిగి, తడిబట్టతో కూర్చున్నాను. బాపుకు, తాతకు, ముత్తాతకు, తల్లి దిక్కు వారికి, గురువులకు, నా ఇల్లాలికి పిండాలు పెట్టినాను.

భానుప్రసాద్ శర్మ తన సంచిలోనుంచి దర్భల బొమ్మ తీసినాడు. అరచేయంత ఉన్నది. తల, చేతులు, కాళ్లు దర్భ ముడులతోనే. మోదుగాకు మీద దాన్ని వెల్లకిల పండబెట్టినాడు. ఆరడుగుల మా అన్న గడ్డిబొమ్మ అయి ఆకు మీద పడుకొని ఉన్నాడు. చదివిన శాస్త్రమే, పలుమార్లు పలువురికి చెప్పిన విధానమే. బొమ్మ మీద పడిన ఇసుకను నేను వేలితో తుడిచినాను.

"బొమ్మకు దహనం తరువాత పెట్టే పిండానికి, వారి పేర ఇప్పుడే ప్రత్యేకంగా వండాలె. నీళ్లు మసులుతున్నవి," అన్నాడు శర్మ. "బియ్యం అమ్మగారు తన చేతితో పోస్తనన్నరు గద?"

అవ్వ మూట ఎత్తుకొన్నది. కుర్చీలోనుంచి లేవబోతూ ఎడమ చేయి గాలిలోకి చాపింది.

"రుక్మా, నన్ను పొయ్యి కాడికి తోలుకపో."

"నడువు అత్తా." వదినె ఆమె పక్కనే నిలబడి ఉన్నది.

"రుక్మా ఏదిరా?" అని అవ్వ నన్ను అడిగింది.

"ఈడనే ఉన్న అత్తా. నీ పక్కకే."

"పక్కకుంటే సప్పుడు లేదేంది?"

అవ్వ చేయి గాలిలో తడుముకొంటూ పోయి వదినె భుజానికి తగిలింది. భుజం నుంచి మోచేతికి జారింది. అక్కడినుంచి ముంజేతికి వచ్చి ఆగింది. అవ్వ వేళ్లు ఆ ముంజేతి చుట్టూ ఒకసారి తిరిగినవి. మళ్లీ ఒకసారి తిరిగినవి. రెండో చేయి కూడా వెతికి పట్టుకొన్నది. ఎండాకాలమంతా చాటలో బియ్యం ఏరిన వేళ్లు అవి. వాటికి దొరకవలసినది దొరకలేదు.

పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నవి. చుట్టూ వేల గొంతులు సంకల్పాలు చెబుతున్నవి.

అవ్వ మెల్లగా కుర్చీలో తిరిగి కూర్చున్నది. మూటను ఒడిలో పెట్టుకొని ముడి విప్పింది.

"గంగమ్మకు పసుపు తెచ్చినవా?"

"తెచ్చిన అత్తా."

"ఇటియ్యి."

వదినె పసుపు పొట్లం ఆమె చేతిలో పెట్టింది. అవ్వ దాన్ని విప్పి అరచేయి నిండా పోసుకొన్నది.

"అమ్మా," అన్నాడు భానుప్రసాద్ శర్మ, "పసుపు కలిస్తే ఆ బియ్యం ఈ కార్యానికి పనికి రావు."

"తెలుసు పంతులూ."

రెండు చేతులతో ఆ తెల్లబియ్యానికి పసుపు పట్టించింది. తొందర లేకుండా, అడుగునున్న గింజ కూడా పైకి తెచ్చి, ఒక్క తెల్లగింజ మిగలకుండా కలిపింది. శర్మ నా దిక్కు చూసినాడు. నేను తల ఊపినాను.

"కొంగు పట్టు," అన్నది అవ్వ.

"అత్తా, ఒడిబియ్యం తల్లిగారు పొయ్యాలె గద," అన్నది వదినె.

"నీ తల్లిగారింట్ల ఎవ్వరు మిగిలిండ్రే? అవ్వనయ్యలు పాయె, అన్నదమ్ములు పాయె. ఇంకెవ్వరు పోస్తరు? నేనే పోస్త, పట్టు."

వదినె ఆమె ముందర ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుండి కొంగు చాపింది. అవ్వ దోసిలి తరువాత దోసిలి పచ్చని బియ్యం ఆమె ఒడిలో పోసింది. పుట్టింటివారు ఆడబిడ్డను దీవించి పోసినట్టే పోసింది. పోస్తూ పోస్తూ కొంగు చివరి ముడి చేతికి తగిలితే, విప్పి చూడకుండానే దాని మీద నాలుగు గింజలు వేసింది.

"ఇంటికి పోయినంక అక్తరున్నీసను పిలిపియ్యి," అన్నది. "నాకు కండ్లు లేవు. చెవులు గూడ తీసుకపోతవా?"

భానుప్రసాద్ శర్మ మోదుగాకు మీది బొమ్మను చేతిలోకి తీసుకొన్నాడు. ఒక్కొక్క ముడి విప్పినాడు. కాళ్లు, చేతులు, తల మళ్లీ గడ్డిపోచలయినవి. వాటిని పాయలో వదిలినాడు. తలా ఒక దిక్కుకు జరిగి, నీటి వెంట పోయినవి.

కార్యం ముగించి నేను మళ్లీ మునిగి, ఒడ్డున నిలబడి తడిబట్ట పిండినాను. వంశంలో పుట్టి సంతానం లేనివారి కొరకు ఆ నీళ్లు నేలకు వదలటం పెద్దలు పెట్టిన మర్యాద. దానికి పేరు చెప్పరు, గోత్రం చెప్పరు. నీళ్లు ఇసుకలో పడిన చప్పుడు అవ్వ విన్నది.

"అవి ఎవ్వరికిరా?"

"పేరు అడగని నీళ్లు అవ్వా. మన ఇంట్ల పుట్టి, పిల్లజెల్ల లేనోళ్లకు. ఎవ్వరికి అక్కర ఉంటే వాళ్లకు."

"ఎక్కడున్నా ముడుతయా?"

"ముడుతయనే చెప్పిండ్రు."

"ఇంక కొంచెం గట్టిగ పిండు," అన్నది అవ్వ.

చేతులలో బలం ఉన్నంతవరకు పిండినాను. ఇసుక ఆ నీళ్లను పడ్డవి పడ్డట్టే తాగింది.

కొంతసేపటికి అవ్వ పెదవులు తడుపుకొని, "దూపయితున్నది. నీళ్లియ్యి రుక్మా," అన్నది.

వదినె ఒడిలోని బియ్యం జారకుండా ఒక చేత్తో పట్టుకొని, కొంగు ముడి పళ్లతో విప్పింది. పాత ఆకుపచ్చ గాజులు. నాగేందర్ ముందుకు వచ్చి, "తే పెద్దమ్మా," అని ఆమె చేతికి ఒకటొకటే ఎక్కించినాడు. అలవాటు లేని చేతులు. ఒకటి తిరగబడి బొటనవేలి మొదట ఆగితే, "వీనికి ట్రాక్టరు గేరు వెయ్యస్తది గాని గాజు వెయ్యరాదు," అన్నది వదినె. అప్పుడు ఆమె కండ్లనుంచి నీళ్లు కారుతున్నవి. ఇత్తడి చెంబు ఎత్తి అవ్వకు పట్టింది. గాజులు చెంబు అంచుకు తగిలి మోగినవి. అవ్వ ఆ చప్పుడు దిక్కు మొగం తిప్పి, చెంబు రెండు చేతులా పట్టుకొని, అడుగు దాకా తాగింది.

ఆ కార్తికంలో అవ్వ నిద్రలోనే పోయింది. చివరిదాకా అన్న మళ్లీ కలలోకి వచ్చినాడో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నీళ్లు మాత్రం తాగింది.

ఇప్పుడు మళ్లీ పుష్కరాలు రాబోతున్నవి. వదినెకు నడుము వంగింది. అక్తరున్నీసా కూడా గంప ఎత్తలేక, కోడలు నౌషీన్‌ను వెంట తెచ్చుకొని వస్తున్నది. మొన్న కొత్త గాజులు తొడిగించుకొంటూ వదినె నన్ను పిలిచింది.

"పంతులూ, ఈసారి నేనుంటనో ఉండనో. నేను ముందు పోతే గాజులతోని పచ్చగనే పంపుండ్రి. ఆయనకు ఇచ్చేది ఉంటే అటెనుక ఇచ్చుకోండ్రి."

"ఆయన ముందే వచ్చి గడపల నిలబడితే?"

"వస్తే," అన్నది వదినె, కొత్త గాజులను ఒకసారి ఆడించి చూసుకొంటూ, "పడుకోనిస్తనా? ఇన్నేండ్ల సప్పుడు బాకీ ఉన్నది."

అక్తరున్నీసా నవ్వింది. నౌషీన్‌కు అర్థం కాకపోయినా నవ్వింది. నేను గడప దిక్కు చూసినాను.

ఈ ముచ్చట చెవిన వేసుకొన్న పుణ్యాత్ములందరి ఇండ్లలో దూప అన్నవారికి నీళ్లు అందించే చేయి ఉండుగాక. ఆ చేయి నిండుగా మోగుగాక. నింగికి లేచిన ప్రతి తల్లి బిడ్డా క్షేమంగా నేలకు దిగుగాక. దిగనివారిని గడప మీది స్వామి తన ఒడిలో ఉంచుకొనుగాక. వారి కోసం ఎదురుచూసేవారి కంటికి నిద్రను, కాలానికి వానను, పైరుకు పచ్చదనాన్ని ఆయన ప్రసాదించుగాక. శుభమస్తు.